మంచు ఎద్దు ఉన్నికి రఫూ

షాలువ మీద చెయ్యి పెట్టంగనే "ఇది మేక ఉన్ని" అన్న.

టీచరమ్మ నవ్వింది. "కాదమ్మా, ఎద్దుది," అన్నది.

"ఎద్దుకు ఉన్నేంది మేడం?" మా ఆయన మిషన్ ఆపి అడిగిండు. "మా నాయన తాన ఆరు ఎద్దులుండె. ఆరింటిని గొరిగినా గింత ఉన్ని రాకపోవు."

అబిడ్స్‌ల ఒక పెద్ద బట్టల దుకాణం మెట్ల కింద మాకు చిన్న అర ఉన్నది. మా ఆయన మిషన్, నా స్టూలు, వచ్చినోళ్ళకు ఇంకో స్టూలు. మూడో మనిషి కూసుంటె మోకాళ్ళు తగులుతయి. పొద్దున నాంపల్లి నుంచి ఇద్దరం నడుచుకుంట వస్తం, పొద్దుగూకంగ నడుచుకుంట పోతం. ఆయన ప్యాంట్లు చిన్నగ చేస్తడు, జిప్పులు వేస్తడు. నేను రఫూ చేస్త. రఫూ అంటే చిరిగిన బట్టకు అదే బట్టల నుంచి పోగు తీసి, చిరుగు ఏడుండెనో కంటికి దొరకకుండ నేసుడు. దారం బయట కొనం. షాలువ అంచు కిందనో, మడత లోపలనో, ఎవరూ చూడని జాగల నుంచి సన్నగ ఒక పోగు గుంజుతం. ఈ విద్య ఆయనకు ఆయన ఉస్తాద్ నేర్పిండు, నాకు ఆయన నేర్పిండు. ఇద్దరం చేస్తుంటిమి, ఇప్పుడు ఆయన చెయ్యి వణుకుతది కాబట్టి సూది పని మొత్తం నాకే వచ్చింది. నేను చదివింది నాలుగో తరగతి. కానీ ఏ షాలువ ఏ ఉన్నో కండ్లు మూసుకొని చెప్త. అందుకే ఆమె ఎద్దు అంటే నాకు నచ్చలే.

అది మెడకు చుట్టుకునే సన్న షాలువ. తడి ఇసుక మీద జర బూడిద చల్లితె ఎట్లుంటదో ఆ రంగు. అరచేతిల పెడితె ఉన్నదా లేదా అన్నట్టుంటది, రెండు నిమిషాలల్ల చెయ్యి వెచ్చగైతది. నడుమ పురుగు కొట్టి రూపాయి బిళ్ళంత రంధ్రం పడ్డది.

"కలరా ఉండలు పెట్టలేదా?" అని అడిగిన.

"ఆ వాసన పడుతుందని పెట్టలేదమ్మా. ఇంత పని అవుతుందనుకోలేదు." ఆమె రంధ్రం చుట్టూ వేలు తిప్పింది, ముట్టుకోకుండ.

టీచరమ్మ సర్కారు బడిల భూగోళం చెప్పి రిటైరయింది. చాదర్‌ఘాట్ అవతల ఒక్కతే ఉంటది. పుట్టింది హైద్రాబాద్‌లనే గానీ వాళ్ళ నాయన గుంటూరు నుంచి ఉద్యోగానికి వచ్చినాయన. ఇంటి మాట ఆమెను ఇడిచిపెట్టలే.

"ముప్పై ఏళ్ళు పిల్లలకి మంచు దేశాల పాఠం చెప్పాను," అన్నది. "చెప్పినప్పుడల్లా 'ఊహించుకోండర్రా' అనేదాన్ని. నిజానికి నేనూ ఊహించుకునే చెప్పాను. రిటైరయ్యాక అలాస్కా వెళ్ళి ఈ జంతువుని కళ్ళారా చూశాను. మస్క్ ఆక్స్ అంటారు. అక్కడి ఆడవాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని దాని ఉన్నితో అల్లిన షాలువ ఇది. వచ్చే శుక్రవారం మా పాత బడికి రమ్మన్నారు. ఈసారి ఊహించుకోమనను, పట్టుకుని చూడమంటాను. బాగవుతుందా?"

ఆ రోజు శనివారం. "అయితది, ఫికర్ జేయకుండ్రి," అన్న. ఈ మాట నేను అందరికీ అంట. ఎప్పుడూ తప్పలే.

ఆమె ఫోన్ తీసి వీడియో పెట్టింది. మేం ఇద్దరం తలలు ఆనిచ్చి చూసినం. గొంగడి మీద గొంగడి కప్పుకొని, వంగి నిలబడ్డ ముసలాయన లెక్కుంది అది. వెంట్రుకలు మోకాళ్ళు దాటి కిందికి, పావడ లెక్క ఊగుతున్నయి. కొమ్ములు నెత్తి నడుమ పాపిడి తీసి రెండు దిక్కుల దువ్వినట్టు చెంపల దాక దిగి, కొనలు మళ్ళ పైకి తిరిగినయి. అక్కడి జనం మాటల దాని పేరుకు 'గడ్డపుది' అని అర్థమట. మాకు ఆ పేరే నచ్చింది. ఇంగ్లీషు పేరుల కస్తూరి ఉన్నదని టీచరమ్మ చెప్పంగనే మా ఆయన షాలువ ముక్కు కాడ పెట్టుకున్నడు.

"ఏం రాదండీ," అన్నది ఆమె. "పేరే తప్ప దాని ఒంట్లో కస్తూరి లేదు."

"ఎద్దు గూడ పేరుకేనేమో, చూడుండ్రి జర," అన్న నేను.

ఆమె ఫోన్‌ల ఏందో చదివింది, కండ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్ళ చదివింది. "నువ్వే గెలిచావమ్మా," అన్నది మెల్లగ. "చుట్టరికం మేకలతోనూ గొర్రెలతోనూనట. ఇన్నేళ్ళూ నేను పిల్లలకి ఎద్దుల జాతి అని చెప్పాను."

"మా ఆమె కూర గిన్నెల గరిటె పెట్టంగనే పొట్టేలా మేకా చెప్తది మేడం," అన్నడు మా ఆయన. "మీరు శరమ్ పడకుండ్రి."

సోమవారం పగటీలి మళ్ళ వచ్చింది. పని ఎంత దాక వచ్చిందో చూడనీకి అన్నది గానీ, చెప్పుకోనీకి మనిషి కావాలె ఆమెకు. నాకు ఇనుడంటే ఇష్టం. రంధ్రం అంచులకు చిక్కిన పురుగు పొట్టు ఏరుకుంట కూసున్న.

"చలికాలం మొత్తం అవి ఏం జేస్తయి టీచరమ్మ?"

"ఏమీ చెయ్యవు. అదే వాటి తెలివి," అన్నది. లోయల మంచు నడుము లోతు ఉంటదట. అందుకని గాలి బాగ కొట్టే గుట్టల మీదికి పోతయట. అక్కడ చలి ఎక్కువ, కానీ గాలి మంచును ఊడ్చేస్తది కాబట్టి కింద ఎండిన గడ్డి అందుతది. గిట్టతోని గీకి, ముక్కుతోని నూకి, ఆ గడ్డి తింటయి. తిని, అక్కడనే నిలబడుతయి. ఎండకాలం తిన్న కొవ్వు ఖర్చు కాకుండ ఎంత తక్కువ నడిస్తె అంత మంచిదట.

"మే నెలల ఫ్యాను కింద మా ఆయన లెక్క," అన్న.

"నేను కొవ్వు దాస్తున్ననే," అన్నడు ఆయన మిషన్ కాడి నుంచి.

ఇంకా మంచు కరగకముందే తల్లి ఈనుతదట. ఆ పిల్ల తడి ఒంటితోని అంత చలిల పడి, గంట గడవకముందే లేచి నిలబడుతదట. గాలి కొడితె తల్లి పొట్ట కింద, ఆ పొడుగు వెంట్రుకల పావడలకు దూరుతదట. ఆ మాట ఇనంగనే నాంపల్లి స్టేషన్ ముంగట వానల నా కొంగు కింద దూరిన నా ఇద్దరు పిల్లలు యాదికొచ్చిన్రు. కొంగు చాలక చిన్నది ఎప్పుడూ సగం తడుస్తుండె. ప్రతి ఏడు ఈనదట అది. ఒంట్ల బలం ఉన్న ఏడే. లేని ఏడు ఊకుంటది.

"మంచిగున్నది దాని కత," అన్న. "అడగనీకి అత్త లేదు."

టీచరమ్మ చాలసేపు నవ్వింది. ఆమెకు అత్త లేదు, పెండ్లే చేసుకోలే. అయినా నవ్వింది.

తోడేళ్ళు వస్తె అవి ఉరకవట. పెద్దవి అన్నీ చుట్టూ నిలబడుతయి, పిల్లలు నడుమ. తలలు బయటికి, పిరుదులు లోపలికి. తోడేలు ఏ దిక్కు నుంచి వచ్చినా ఒక కొమ్ముల తల ఎదురుగ ఉంటది. మా ఆయన సుద్దతోని నేల మీద గుండ్రం గీసి చూసిండు. "ఇదైతె తోడేలు ఇంటికి పోవాల్సిందే," అన్నడు.

మంగళవారం పొద్దున నేను తప్పు చేసిన.

నలభై ఏండ్ల సంది ఎట్ల చేస్తున్ననో అట్లనే చేసిన. షాలువ తిప్పి, అంచుల ఒక పోగు సూదికొనతోని లేపి, మెల్లగ గుంజిన. నేసిన షాలువల పోగు జానెడు వచ్చి ఆగుతది, అప్పుడు కత్తిరిస్తం. ఇది ఆగలే. సుతారంగ వస్తనే ఉన్నది. నా వేళ్ళకు అంత తేలిగ్గ ఏ షాలువా పోగు ఇయ్యలే, అదొక సంతోషం గూడ అయింది నాకు. మూరెడు వచ్చినంక చూస్తె అంచు లేదు. అంచు ఉన్న జాగల చిన్న చిన్న ఉంగరాలు నోరు తెరుచుకొని వరుసగ నిలబడ్డయి, ఒకటి జారి కింది దాన్ని ఇడిపిస్తున్నది, అది ఇంకోదాన్ని.

అప్పుడు సమజైంది. ఇది నేత కాదు, అల్లిక. ఒక్క దారమే ఉంగరం ఉంగరంల నుంచి పోయి మొత్తం షాలువ అయింది. ఆమె "అల్లినది" అని శనివారమే చెప్పింది. ఇన్న. ఇన్నా గూడ నా చెయ్యి తన పని తను చేసుకున్నది.

దొరికిన పిన్నీసులు అన్నీ ఉంగరాలకు గుచ్చి ఆపిన. బయటికొచ్చిన దారం వంకరలు వంకరలుగ ఒడిల పడ్డది. మా ఆయన చూసిండు. లేచి పోయి రెండు చాయ్‌లు తెచ్చిండు. ఆయన అడగకుండ చాయ్ తెచ్చిండంటే పని చాన ఖరాబైనట్టు.

"పగటీలి వస్తది ఆమె. చెప్తవా?" అన్నడు చాయ్ అయిపోయినంక.

"చూస్త."

"చూసేదేముంది, చెప్పు."

టీచరమ్మ వచ్చేటాళ్ళకు షాలువను తువ్వాల కింద పెట్టి, ఎవరిదో కోటు చేతిల పట్టుకొని కూసున్న. ఆమె స్టూలు మీద కూసొని, అడగకుండనే నిన్నటి ముచ్చట అందుకున్నది.

"నిన్న చెప్పాను కదా, గుండ్రంగా నిలబడతాయని. తోడేళ్ళ దగ్గర అది వేల ఏళ్ళు పనిచేసిందమ్మా. తర్వాత తుపాకులు పట్టుకుని మనుషులొచ్చారు. అవి అప్పుడూ పారిపోలేదు. అలాగే గుండ్రంగా నిలబడ్డాయి. దూరంగా నిలబడి ఒక్కొక్కదాన్నీ కాల్చేశారు. పక్కది పడిపోయినా మిగిలినవి కదల్లేదట. వాటికి తెలిసింది అదొక్కటే కదా. చివరికి అలాస్కాలో ఒక్కటి కూడా మిగల్లేదు."

చేతిల కోటు పక్కన పెట్టిన. షాలువ మీది తువ్వాల తీసిన.

"నేను గూడ అట్లనే చేసిన టీచరమ్మ," అన్న. "నాకొచ్చిన పని నాకు తెలిసినట్టే చేసిన. ఇది అల్లిక. అంచుల పోగు గుంజిన."

ఆమె షాలువను ముట్టుకోలే. పిన్నీసులు చూసింది, నా ఒడిల దారం చూసింది.

"శుక్రవారానికి అవుతుందా?"

"అంచు కడత. క్రోషా సూది వచ్చు నాకు, ఉంగరాలు మళ్ళ ఎక్కిస్త. కానీ అంచు కట్టాలంటే దాని దారం దానికే కావాలె. రంధ్రానికి దారం లేదు."

ఆమె లేచింది. "సరేనమ్మా," అన్నది. చాయ్ తాగకుండ పోయింది. తిడితె బాగుండేది. నాకు తిట్లు పడుడు అలవాటే, తిన్నంక పని చేసుకోబుద్ధైతది.

బుధవారం పొద్దుగాల సుల్తాన్ బజార్ పోయిన. ఉన్ని అమ్మే మూడు దుకాణాలల్ల షాలువ మూల చూపించిన. ఒకాయన తీసిన దారం రంగు సరిగ్గ కుదిరింది. వేళ్ళ నడుమ రుద్దితె కిర్రుమన్నది. ప్లాస్టిక్. "ఎవరికి తెలుస్తదమ్మా," అన్నడు ఆయన. పట్టుకున్నోళ్ళకు తెలుస్తది. ఆమె పిల్లలను పట్టుకోమనే కదా తీసుకపోయేది. వట్టి చేతులతోని వచ్చి అంచు కట్టుడు మొదలువెట్టిన. కంటి ఆపరేషన్ అయి ఆరు నెలలే అయింది. ఉంగరం ఒకటి ఎక్కిస్తె పది లెక్క అనిపిస్తుండె. లోపల వెలుతురు చాలక స్టూలు బయటేసుకొని ఎండల కూసున్న.

పగటీలి నా మీద నీడ పడ్డది. తలెత్తితె టీచరమ్మ. చేతిల మందుగోళీల సీసా.

"ఇది చూడు," అన్నది.

మూత తీస్తె లోపల దూది లెక్క చిటికెడు ఉన్ని. అదే రంగు, ఇంకొంచెం ముదురు. నడుమ నల్లటి ముతక వెంట్రుకలు, ఒక ఎండిన ఆకు ముక్క.

"వేసవిలో వాటికి లోపలి ఉన్ని ఊడిపోతుంది. పాత పరుపులా ఒంటి మీంచి వేలాడుతూ ఉంటుంది. పొదల్లోంచి నడిస్తే కొమ్మలకి చిక్కుకుంటుంది. అలాస్కాలో ఒక రోజు పొద్దున మంద వెళ్ళిపోయాక, ఆ పొదల్లో మోకాళ్ళ మీద కూర్చుని ఏరుకున్నాను. షాలువ కొనుక్కున్నాను, అందరూ కొనుక్కుంటారు. ఇది మాత్రం నా చేత్తో ఏరింది. ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు. సరిపోతుందా?"

"సరిపోతది. కానీ మీకు మిగలదు."

"తెలుసు."

"ఉంచుకోండ్రి టీచరమ్మ. సుల్తాన్ బజార్‌ల రంగు కుదిరిన దారం ఉన్నది. నా తప్పుకు మీ సీసా ఎందుకు ఖాళీ కావాలె?"

"పిల్లలు పట్టుకునేది మొత్తం ఆ ఉన్నే అవ్వాలమ్మా," అన్నది. సీసాను నా ఒడిల ఒంపి, మూత పెట్టి సంచిల వేసుకున్నది. నేను వద్దనే లోపల అయిపోయింది.

ఇంత సన్నటి ఉన్నిని దారం ఎట్ల చేయాలె? రాట్నం మీద పెడితె గాలికి పోతది. ఇంట్ల దీపానికి ఒత్తులు చేసినట్టు చేసిన. వేళ్ళకు విభూతి అద్దుకొని, తొడ మీద గుడ్డ పరుచుకొని, అరచేతితోని నూకుకుంట పోయిన. దూది జారకుండ విభూతి ఎట్ల పట్టుకుంటదో దీన్ని గూడ అట్లనే పట్టుకున్నది. ముందుగాల ముతక వెంట్రుకలు ఏరాలె. టీచరమ్మ గూడ ఎండలకు స్టూలు జరుపుకొని, కండ్లద్దాలు ముక్కు కొన మీదికి దించి, నాతోపాటు ఏరింది. అవి పై వెంట్రుకలట. వానా, మంచూ వాటి మీది నుంచే జారిపోతయి. లోపలి ఉన్ని పొడిగనే ఉంటది.

"అన్నీ కాల్చేస్తె మరి మీరు చూసినయి ఏడికెల్లి వచ్చినయి?" అని అడిగిన.

"గ్రీన్లాండ్ నుంచి తెచ్చారమ్మా, కొన్నింటిని. ఓడలో తెచ్చి, రైలెక్కించి, మళ్ళీ ఓడెక్కించి. ఇప్పుడున్నవన్నీ వాటి పిల్లలే."

మా ఆయన కత్తెర కింద పెట్టిండు. "రైలుల్నా? నాంపల్లిల దిగితె మన కూలీలు ఏమందురు?"

"సామాను ఎక్కువుంది, డబల్ ఇయ్యమందురు," అన్న. ఆ రోజు ముగ్గురం చాయ్ తాగినం.

బేస్తవారం పొద్దుమూకేటాళ్ళకు పని అయింది. అంచు దాని దారంతోనే కట్టిన, పిన్నీసులు అన్నీ తీసిన. రంధ్రం జాగల మాత్రం కొత్త దారం ముదురుగ, జర లావుగ కనపడుతున్నది. నా చేతి దారం మిషన్ దారం లెక్క సన్నగ ఎట్లొస్తది? రఫూ కనపడితె అది రఫూ కాదని మా ఆయన ఉస్తాద్ మాట. దాన్ని నేను ఎప్పుడూ తప్పలే. ఈసారి మచ్చ లెక్క కనపడుతనే ఉన్నది. ఆమె చూసి మచ్చ మీద వేలు పెట్టి రెండు మాట్లు రుద్దింది.

"గట్టిగా ఉందా?"

"ఉన్నది. కానీ అల్లిక టీచరమ్మ. ఒక్క ఉంగరం జారితె మళ్ళ మొత్తం పోతది. పిల్లలకు ఇయ్యకుండ్రి, మీరే పట్టుకొని చూపించుండ్రి."

"చూపించడానికైతే వీడియో చాలు కదమ్మా," అన్నది. "నువ్వు కూడా రా. సూది పట్టుకుని రా."

శుక్రవారం మా ఆయన ఒక్కడే అబిడ్స్ పోయిండు. నేను బడిల ఎనుక బెంచీ మీద కూసున్న, పిల్లలు కూసునే బెంచీ, మోకాళ్ళు గడ్డానికి తగిలినయి. టీచరమ్మ గొంతు మారింది అక్కడ. మా మెట్ల కింద మాట్లాడినట్టు కాదు. వీడియో చూపించింది. ఎండకాలం పోయినంక మగవి రెండు దూరం జరిగి, ఉరికొచ్చి, నుదురుకు నుదురు కొట్టుకుంటుంటె పిల్లలు బెంచీలు చరిచిన్రు. నుదుటి మీద కొమ్ము గడప లెక్క మందంగ ఉంటది కాబట్టి తల పగలదని చెప్పింది. అది ఎద్దు కాదు, మేకల చుట్టమని చెప్పి, "నేను ఇన్నేళ్ళు తప్పు చెప్పాను, ఒకావిడ నాకు దిద్దింది," అన్నది. నేను నేల చూసిన.

అటెంక షాలువను మొదటి బెంచీల పిల్లకు ఇచ్చింది.

నా సూది పిడికిట్ల ఉన్నది. ఆ పిల్ల రెండు చేతులల్ల పట్టుకొని చెంపకు ఆనిచ్చుకున్నది. పక్కపిల్ల "నాకు, నాకు" అని ఒక కొస గుంజింది. నేను సగం లేచిన. టీచరమ్మ నన్ను చూసింది గానీ పిల్లను ఆపలే. షాలువ బెంచీ నుంచి బెంచీకి పోతున్నది. ఒకడు మెడకు చుట్టుకున్నడు, ఒకడు నెత్తికి. ఒక పొట్టిపిల్ల అందుల మొఖం దాచుకొని లోపల నుంచే "టీచర్, ఎచ్చగున్నది," అన్నది. ఇంకో పిల్ల ఎత్తి పట్టుకొని వెలుతురుకు చూసింది.

"టీచర్, గీడ ఏంది వేరే రంగున్నది?"

"అది నేను పొదల్లో ఏరిన ఉన్ని," అన్నది టీచరమ్మ. "జంతువు ఒంటి మీంచి కొమ్మకి, కొమ్మ మీంచి నా చేతికి, నా చేతిలోంచి వెనకాల కూర్చున్న ఆవిడ చేతికి వచ్చింది. మధ్యలో ఇంకెవరూ లేరు."

అందరూ ఎనుకకు తిరిగిన్రు. ఇగ అప్పటి నుంచి ఎవరికీ మిగిలిన షాలువ అక్కర్లే. ప్రతి వేలూ ఆ మచ్చ మీదనే. ముట్టుకున్నోళ్ళు గూడ మళ్ళ ముట్టుకోనీకి ముందుకు పోతున్నరు. నేను నలభై ఏండ్లు ఎవరి కంటా పడకుండ చేసిన పనిని ఎవరూ ఇట్ల ఏలు పెట్టి చూడలే. సిగ్గయింది. బాగ గూడ అనిపించింది.

గంట కొట్టినంక షాలువ నా దాక వచ్చింది. పిల్లల చేతులల్ల ఉండి ఉండి కొంచెం చెమ్మగ ఉన్నది, వాళ్ళు అన్నంల నంజుకున్న నిమ్మకాయ తొక్కు వాసనొస్తున్నది. ఒడిల పరుచుకొని అంచు ఈ కొస నుంచి ఆ కొస దాక ఏలితోని నడిపించి చూసిన. తర్వాత రంధ్రం జాగ, లోపలి దిక్కు, బయటి దిక్కు. టీచరమ్మ నా పక్కన బెంచీల ఇరికి కూసొని ఎదురుచూస్తున్నది.

"జారిందా?"

"ఒక్కటి గూడ జారలే," అన్న.

ఆమె షాలువ మడత పెట్టలే. మెడకు చుట్టుకొని, మచ్చ ముందటికి వచ్చేటట్టు సరిచేసుకొని, "పద, ఆటో దొరుకుతుందేమో చూద్దాం," అన్నది.